కొండ ఎక్కడుంది?

పోయిన ఏడాది ఐదో తరగతి పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చాను. మన గోండుల పుట్టుక కథలోని గుహ ఏ కొండలో ఉంది? నా దృష్టిలో జవాబు ఒకటే: కచార్‌గఢ్. ఒక పిల్ల "జంగుబాయి కొండ" అని రాసింది. ఎర్ర పెన్నుతో కొట్టేశాను.

మర్నాడు ఆమె తాత బడికి వచ్చాడు. ప్రధాన్ ఆయన, కిక్రి వాయిస్తూ కథ చెప్పే మనిషి.

"గురూజీ, ఆ మాట నేనే చెప్పిన. లింగో బండ తీసి మనోళ్లను గుహలోంచి బయటికి తెచ్చిండు, సగలుగా పంచిండు. కొండ పేరు కథలో ఉంది. దానికి పోయే తొవ్వ కథలో లేదు."

నాకు మాట రాలేదు. ఆ రాత్రి నా దగ్గరున్న పుస్తకాలు తీశాను. నాగపూర్‌లో ఉన్న మిషనరీ స్టీఫెన్ హిస్లప్ ఒక ప్రధాన్ నోట విని రాసుకున్న లింగో కథ, ఆయన పోయాక 1866లో అచ్చయింది. అందులో ధవళగిరి ఉంది, కచ్చికోపా లోహాగఢ్ ఉంది. ధవళగిరి అనగానే చదువుకున్నవాళ్లు హిమాలయాల వైపు చూశారు. మహాదేవుని పేరు ఉంది కాబట్టి మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీ కొండలని మరికొందరు అన్నారు. ఇప్పుడు మనవాళ్లు మహారాష్ట్ర గోండియా జిల్లాలోని కచార్‌గఢ్ గుహకు మాఘ పున్నమికి పోతున్నారు. అన్ని రాష్ట్రాల కోయితూర్ అక్కడ కలుస్తారు. ఇక్కడ కెరమెరి మండలంలో, పుష్య మాసంలో, జంగుబాయి తల్లి గుహకు మొక్కులు తీరుస్తాం.

ఒక్క కథకు ఇన్ని కొండలెందుకు? మనవాళ్లు పోడు కోసం, బతుకు కోసం ఊర్లు మారారు. పోయిన ప్రతిచోటా కథ చెప్పుకున్నారు, ఎదురుగా ఉన్న కొండకు దండం పెట్టుకున్నారు. కొండ మారినా లింగో మారలేదు, సగలు మారలేదు. ఈ రోజుకీ పెళ్లి సంబంధం చూసేటప్పుడు ముందు అడిగేది సగ గురించే.

"మీ కొండకే జాగా లేదు, మీ కథకేం విలువ?" అని రేపు మన పిల్లలను ఎవరైనా అడగొచ్చు. అప్పుడు వాళ్లు తల దించుకోకూడదు. నేను కొట్టిన ఆ ఎర్ర గీత వాళ్ల తల దించేదే.

ఆ పిల్ల పేపర్ తీసుకుని మార్కు వేశాను. ఇప్పుడు నా ప్రశ్న మార్చాను: మీ ఇంట్లో పెద్దలు ఏ కొండ చెప్తారు? చెప్పింది ఎవరు, వాళ్లది ఏ ఊరు? రాసుకుని రండి.

ఉపాధ్యాయ మిత్రులారా, మీ బడిలో కూడా ఒకసారి అడిగి చూడండి. చెప్పేవాళ్లు ఇంకా ఉన్నప్పుడే అడగాలి.