పేరుకీ తాళం వేయాలి

మొన్న వానాకాలంలో ఒక సాయంత్రం, చిక్కడపల్లి నుంచి గాంధీనగర్‌లోని మా ఇంటికి వస్తూ పిల్లల కోసం మిరపకాయ బజ్జీలు కట్టించుకున్నాను. ఇంటికొచ్చి పొట్లం విప్పితే, నూనె మరకల మధ్య నుంచి ఒకావిడ నా వంకే చూస్తోంది! ఎవరిదో ఆధార్ కార్డు జిరాక్స్. పేరు, అడ్రసు, పన్నెండంకెల నంబరు, కింద సంతకం... అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

నాకు బజ్జీ తినబుద్ధి కాలేదు. నా జిరాక్సులు మాత్రం ఎక్కడెక్కడున్నాయో నాకు తెలుసా? గ్యాసుకి ఒకటి, సిమ్‌కి ఒకటి, తిరుపతి వెళ్ళినప్పుడు లాడ్జిలో ఒకటి, చీటీలావిడకి ఒకటి. పేరంటంలో తాంబూలాల్లా అడిగినవాళ్ళకల్లా పంచేశాను.

"నీ దగ్గరేముందని దొంగిలిస్తారోయ్?" అని మావారు నవ్వారు. మా అబ్బాయి మాత్రం ప్రభుత్వంవారి 'సంచార్ సాథీ' వెబ్‌సైట్ తెరిచి, నా ఫోన్ నంబరు, దానికొచ్చిన ఓటీపీ కొట్టాడు. నాకున్నవి రెండు సిమ్‌లు. అక్కడ నా పేరు మీద నాలుగు ఉన్నాయి! ఆ రెండింటితో ఎవరిని మోసం చేస్తున్నారో, రేపు పోలీసులొచ్చి తలుపు కొడితే జవాబు చెప్పాల్సింది నేనే కదా! ఆ రాత్రి నిద్రపడితే ఒట్టు. 'ఇవి నావి కావు' అని అందులోనే ఫిర్యాదు పెట్టాం. కొన్నాళ్ళకి ఆ నంబర్లు పోయాయి. మావారు మళ్ళీ నవ్వలేదు.

ఇది నా ఒక్కదాని గోల కాదండీ. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్‌లమ్మే ఒకతను పోలీసులకి దొరికాడు. ఇంటర్నెట్‌లో ఉన్న భూముల రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారుచేసి, ఎవరెవరి పేర్ల మీదో సిమ్‌లు తీశాడట. వేలిముద్రా, ఆధార్ నంబరూ ఉంటే ఓటీపీ లేకుండానే బ్యాంకులో డబ్బు తీసుకునే సదుపాయం కూడా ఉంది. పల్లెల్లో పెద్దవాళ్ళకి అది మేలే. దొంగ చేతిలో పడితే మాత్రం ముప్పు.

అందుకే నేనిప్పుడు ఏ జిరాక్స్ ఇచ్చినా, దాని మీద అడ్డంగా ఎందుకిస్తున్నానో రాసి, తేదీ వేసి సంతకం చేస్తున్నాను. వీలైన చోట చివరి నాలుగంకెలే కనిపించే 'మాస్క్‌డ్ ఆధార్' ఇస్తున్నాను. షాపులో సరిగ్గా రాని కాపీని కూడా అడిగి తెచ్చుకుంటున్నాను. ఆధార్ వెబ్‌సైట్‌లో వేలిముద్రలకి తాళం వేయించాను. రేషన్ షాపులో వేలిముద్ర వేయాల్సి వస్తే కాసేపు తీసుకోవచ్చు. ఓటీపీ అయితే ఎంత తియ్యగా అడిగినా ఎవరికీ చెప్పను. ఖాతాలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకి చెప్పాలి.

బీరువాకి రెండు తాళాలేసుకునే మనం, పేరుని మాత్రం వీధిలో వదిలేస్తున్నాం. మీరూ ఈరోజే ఒకసారి చూసుకోండి.

ఆ పొట్లం కాగితాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి కాల్చేశాను. ఆవిడెవరో నాకు తెలీదు. నా కాగితం దొరికినవాళ్ళు కూడా అలాగే చేసి ఉంటే బాగుండేది.