సబ్జా గింజ: బలమంతా జిగురులోనే

సబ్జా గింజలు రుద్రజడ మొక్కవి. కొన్ని చోట్ల దీన్ని భూతులసి అనీ అంటారు. 1753లో లిన్నేయస్ పెట్టిన శాస్త్రీయ నామం ఆసిమమ్ బాసిలికమ్. ఇటలీ వంటల్లో ఘుమఘుమలాడే బేసిల్ ఆకు ఈ జాతిదే. తులసికోటలో పూజలందుకునేది మాత్రం ఆసిమమ్ టెన్యుయిఫ్లోరమ్. దగ్గరి చుట్టమే గాని ఇది వేరు, అది వేరు. ఈమధ్య ఖరీదైన డబ్బాల్లో వస్తున్న చియా మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతాలది, అదే కుటుంబంలో ఇంకాస్త దూరపు చుట్టం. ఈ చుట్టరికాలు ముందే తేల్చుకోవాలి. సబ్జాకు కట్టబెట్టే గొప్పల్లో చాలావరకు తులసి దగ్గరో, బేసిల్ ఆకు దగ్గరో, చియా దగ్గరో చేబదులు తెచ్చినవే. దాని సొంత ఆస్తి ఒక్కటే: జిగురు.

పొడిగా ఉన్నప్పుడు సబ్జా నల్లగా, గట్టిగా, సుమారు రెండు మిల్లీమీటర్ల పొడవుంటుంది. వృక్షశాస్త్రం లెక్కన అది గింజ కూడా కాదు, లోపల ఒక్క విత్తనమున్న బుల్లి కాయ. దాని తొక్కలోని పైవరస కణాల్లో జిగురు ఎండి, మడత పడి ఉంటుంది. నీళ్లు తగలగానే అది ఉబ్బి కణాల గోడలను చీల్చుకుని బయటికొస్తుంది. కొద్ది నిమిషాల్లోనే నల్లటి గింజ చుట్టూ బూడిదరంగు తెలుపులో ఒక పారదర్శకమైన గుళిక తయారవుతుంది. పిల్లలు వాటిని కప్పగుడ్లని వెక్కిరించడం చూస్తే, పోలిక అన్యాయమైనదేమీ కాదు. మొక్కకు ఈ ఏర్పాటు మనిషి దాహం కోసం కాదు. తొలకరి చినుకు పడ్డప్పుడు గింజ నేలకు అంటుకుపోయి కొట్టుకుపోకుండా ఉండటానికీ, మొలకెత్తేదాకా చెమ్మను పట్టి ఉంచడానికీ పనికొస్తుంది.

ఈ జిగురులో ముఖ్యమైనవి గ్లూకోమన్నాన్, జైలాన్ అనే పొడవాటి చక్కెర గొలుసులు. వాటిని తెంచే ఎంజైములు మనిషి చిన్నపేగులో లేవు. కాబట్టి అవి అరగకుండానే, పట్టుకున్న నీటితో సహా, పెద్దపేగు దాకా ప్రయాణిస్తాయి. మలం మెత్తబడుతుంది, పరిమాణం పెరుగుతుంది, విరేచనం సాఫీగా అవుతుంది. అక్కడి సూక్ష్మజీవులు కొంత జిగురును పులియబెట్టి పేగు గోడలకు పనికొచ్చే ఆమ్లాలను తయారుచేస్తాయి. అలవాటు లేనివారికి మొదట్లో కడుపుబ్బరం వచ్చేదీ ఈ పులియడం వల్లే. జిగురుకు ఆహార పరిశ్రమలోనూ గిరాకీ ఏర్పడుతోంది. ఇరాన్‌లో మష్హద్‌లోని ఫిర్దౌసీ విశ్వవిద్యాలయంలో సబ్జా జిగురును ఐస్‌క్రీమ్ వంటి వాటిని చిక్కబరిచే పదార్థంగా విస్తృతంగా పరీక్షించారు. షర్బత్తుల్లో సబ్జా వాడకం ఆ దేశానికి తరాల అలవాటు.

పీచు విషయంలో సబ్జా గట్టిదే. అమ్మకందారుల లేబుళ్ల ప్రకారం ఒక పెద్ద చెంచాడు, అంటే దాదాపు 13 గ్రాముల గింజల్లో, సుమారు 7 గ్రాముల పీచు ఉంటుంది. రోజుకు 2,000 కిలోక్యాలరీల ఆహారం తీసుకునేవారికి 30 గ్రాముల పీచు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచిస్తుంది. దంపుడు బియ్యం, పప్పులు, ఆకుకూరలు తగ్గిపోయిన కంచానికి ఆ ఏడు గ్రాములు చిన్న సాయమేమీ కాదు.

పేగులో జిగురు చిక్కగా పరుచుకుంటే పిండి పదార్థం అరిగి రక్తంలోకి చేరే వేగం తగ్గుతుంది. పైత్యరసంలోని ఆమ్లాలు కొన్ని జిగురులో చిక్కి బయటికి పోతాయి, వాటిని మళ్లీ తయారుచేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. మధుమేహానికీ గుండెకూ సబ్జా మంచిదనే మాటకు ఆధారం ఈ ప్రక్రియే. కరిగే పీచులన్నిటికీ ఇది ఉమ్మడి గుణం. ఇసబ్‌గోల్ విషయంలో దీన్ని మనుషుల మీద బాగా పరీక్షించారు. 1998లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ దానిమీద గుండెకు మేలనే ప్రకటనను అనుమతించింది కూడా. సబ్జా మీద జరిగినవి ఎక్కువగా ప్రయోగశాల పనులు, జంతువుల మీద పరీక్షలు, కొద్దిమందితో చేసిన చిన్న అధ్యయనాలు. మందు మానేసి సబ్జా నీళ్లు తాగే ధైర్యాన్ని అవి ఇవ్వవు. పైగా మన దగ్గర సబ్జా ఎక్కువగా గొంతు దిగేది ఫలూదా గ్లాసులో, గులాబీ పాకంతోనూ ఐస్‌క్రీమ్‌తోనూ కలిసి. అంత చక్కెరను ఆ కాస్త జిగురు ఏం ఆపుతుంది?

గింజ లోపల నూనె కూడా ఉంది. అందులో సగానికి అటూ ఇటూగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం, అంటే మొక్కల్లో దొరికే ఒమేగా-3. చేపల్లో ఉండే ఒమేగా-3గా దాన్ని శరీరం మార్చుకోగలిగేది స్వల్పం. నానిన సబ్జా నోట్లో జారిపోతుంది, పంటికి చిక్కదు. నమలకుండా మింగిన గింజలోని నూనె ఒంటికి ఏ మేరకు పడుతుందన్నది అనుమానమే. కాల్షియం, ఇనుము వంటి ఖనిజాల లెక్కలకూ ఇదే మెలిక వర్తిస్తుంది.

ఇక సహజ రసాయనాల సంగతి. లినాలూల్, యూజినాల్, ఎస్ట్రగోల్ వంటి సుగంధ ద్రవ్యాల పేర్లు సబ్జా ప్రచారంలో తరచు కనిపిస్తాయి. అవి ప్రధానంగా ఆకులో, పూలగుత్తిలో ఉండే నూనెవి. నానిన గింజకు వాసనే లేకపోవడం అందుకు చాలిన సాక్ష్యం. రోజ్‌మరినిక్ ఆమ్లం వంటి ఫినాలిక్ పదార్థాలకు పరీక్షనాళికలో ఆక్సీకరణను అడ్డుకునే గుణం ఉన్నమాట నిజమే గాని, గ్లాసుడు షర్బత్తులోని గింజలు ఒంట్లోనూ అదే పని చేస్తాయని దాన్నిబట్టి తీర్పు చెప్పలేం.

ఎండాకాలంలో సబ్జా చలువ చేస్తుందన్న నమ్మకం తెలుగు నేల అంతటా ఉంది. రాయలసీమ నన్నారి షర్బత్తులోనూ, నిమ్మకాయ నీళ్లలోనూ గింజలు వేసేది అందుకే. ఒంటికి నిజంగా మేలు చేసేది వాటితో పాటు లోపలికి వెళ్లే నీళ్లు. గింజలున్న పానీయాన్ని గటగటా తాగలేం, నిదానంగా చప్పరించాల్సి వస్తుంది. కడుపు నిండినట్టుండి తిండి మీద ధ్యాస తగ్గడం కూడా జిగురు చలవే. బరువు తగ్గించే మహిమ అని ప్రచారంలో ఉన్నది ఈ పాటిదే.

ఒకటి రెండు చిన్న చెంచాలతో మొదలుపెట్టి, పావుగంటైనా, ధారాళంగా పోసిన నీళ్లలో నానబెట్టి వాడటం క్షేమం. పొడి గింజలు నోట్లో వేసుకుని నీళ్లు తాగకూడదు. చియాను అలా తిన్న ఒక మనిషికి అవి అన్నవాహికలో ఉబ్బి అడ్డుపడగా తీయాల్సి వచ్చిందని 2014లో అమెరికా వైద్యులు నివేదించారు. సబ్జా ఉబ్బే తీరూ అదే. మింగడంలో ఇబ్బంది ఉన్న వృద్ధులకూ, చిన్నపిల్లలకూ పెట్టకపోవడమే మేలు. పేగులు సన్నబడిన జబ్బులున్నవారు వైద్యుణ్ణి అడగాలి. మధుమేహానికో మరో జబ్బుకో రోజూ మాత్రలు వేసుకునేవారు సబ్జాకూ మాత్రకూ మధ్య రెండు గంటల ఎడం ఉంచాలి. జిగురు మందును కూడా తనలో పట్టి ఆలస్యం చేయగలదు.