లుక్ ఆఫ్టర్ – చూచుకొనుట

ఆంగ్లమున ‘లుక్’ అనగా చూచుట, ‘ఆఫ్టర్’ అనగా తరువాత; ఈ రెండును కూడి ‘లుక్ ఆఫ్టర్’ అయినంతనే పోషణ, పరిచర్య అను అర్థములు ఎచటినుండి వచ్చినవో పదవిభాగముచేత తెలియరాదు. క్రియకు చిన్నమాట తగిలించి అర్థమును మార్చు ఈ పద్ధతి పరదేశీయులకు మిక్కిలి క్లేశకరమని 1755 నాటి తన నిఘంటువు పీఠికలో శామ్యూల్ జాన్సనే అంగీకరించెను.

మనకు మాత్రమిది వింత కారాదు. మన ‘చూచు’నకు ‘కొను’ చేరినపుడు జరుగునదియు ఇదియే గదా! మొన్న రైలు కదలుచుండగా మా అమ్మ కిటికీ ఊచలలోనుండి నా చేయి పట్టుకొని, “నాన్నను జాగ్రత్తగా చూసుకోరా” అన్నది. ఆ ఒక్క క్రియలో వేళకు మందుబిళ్ల యున్నది, రాత్రికి మెత్తని మజ్జిగన్నమున్నది, చీకటిలో స్నానాలగదివరకు భుజము పట్టి నడిపించుట యున్నది.