తీరిగ్గా ఒక రోజు

ఇండియా నుంచి అమ్మానాన్నలు రాగానే మనలో చాలామందిమి చేసే పని ఒకటుంది. ఒక్క శనివారంలో లండనంతా చూపించెయ్యడం! కొన్నేళ్ల క్రితం నేనూ అదే చేశాను. పొద్దున బకింగ్‌హామ్ ప్యాలెస్, మధ్యాహ్నం లండన్ ఐ, ఇంక మూసేస్తారనగా టవర్ ఆఫ్ లండన్.

కోహినూర్ పొదిగిన కిరీటాన్ని కదిలే బెల్టు మీద వెళ్తూ చూడాలి. నాన్నగారు కళ్లజోడు సర్దుకునేలోపే బెల్టు దాటించేసింది. అమ్మ మోకాళ్ల నొప్పులతో బయట థేమ్స్ ఒడ్డున బెంచీ మీదే ఉండిపోయింది. "మళ్లీసారి చూద్దువుగానిలే అమ్మా" అన్నాను. ఆ మళ్లీసారి రానేలేదు.

పోయిన వేసవిలో నాన్నగారు ఒక్కరే వచ్చారు. ఈసారి రోజుకి ఒకటే చోటు అనుకున్నాం. ప్లాను వేసింది పన్నెండేళ్ల మా అమ్మాయి. టిక్కెట్లు ముందే కొనాలి. తెరిచే వేళకి వెళ్లి, రద్దీ పెరగకముందే ఆభరణాలు చూసెయ్యాలి. వైట్ టవర్‌లో మెట్లెక్కువ, కనుక తాతయ్యకి వద్దు. తాతయ్య ఎక్కడ కూర్చుంటానంటే అక్కడ అందరూ కూర్చోవాలి.

టవర్ హిల్ స్టేషన్లో దిగేసరికి జనం పల్చగానే ఉన్నారు. నాన్నగారు బెల్టు మీద మూడుసార్లు వెళ్లొచ్చారు!

మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. కోహినూర్ మా కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చిన్నప్పట్నుంచీ వింటున్న మాట. చరిత్రకారులకి గట్టి రుజువైతే దొరకలేదు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. 1849లో లాహోరు ఒప్పందంతో దులీప్ సింగ్ చేత దీన్ని ఇప్పించుకున్నారనీ, అప్పటికి ఆ రాజుకి పదేళ్లేననీ నాన్నగారు చెప్తుంటే, "నాకన్నా చిన్నవాడా!" అంది మా అమ్మాయి. 1852లో సానబట్టాక 186 క్యారెట్ల రాయి 105 క్యారెట్లకి దిగిందంటే ఇంకా ఆశ్చర్యపోయింది.

మధ్యాహ్నం ఒడ్డున బెంచీ మీద పులిహోర డబ్బాలు విప్పాం.

"మీ అమ్మ కూర్చుంది ఇక్కడే కదూ?" అన్నారు నాన్నగారు.

"అవును నాన్నా. పాపం, ఏమీ చూడలేదు."

"ఎవరన్నారు? ఓడ వస్తే ఆ వంతెన రెండుగా చీలి పైకి లేచిందట. ఊరెళ్లాక అందరికీ అదే చెప్పేది. మనమేమో లోపల బెల్టు మీద పరిగెడుతున్నాం."

ఆ సంగతి నాకు ఇన్నేళ్లూ తెలియదు.

టవర్ బ్రిడ్జి ఎప్పుడు లేస్తుందో ముందే ప్రకటిస్తారు. మా అమ్మాయి ఫోన్లో చూసి, "ఇంకా గంటన్నర ఉంది తాతయ్యా" అంది.

"ఉండనీ అమ్మా, మనకేం తొందర?" అన్నారాయన.

మీ పెద్దవాళ్లు వచ్చినప్పుడు మీరూ ఒక బెంచీ చూసుకోండి. పులిహోర మాత్రం మరిచిపోకండి!