ఆరో సీటు

మా వారు పికప్ ట్రక్కు మీద మనసు పడి మూడేళ్ళయింది. టెక్సాస్‌లో ఉంటూ ట్రక్కు లేకపోవడమేమిటని ఆయన బాధ. పెరట్లో మడులకి మట్టి తేవాలన్నా, గుడిలో భోజనాల రోజున గంగాళాలు చేరవెయ్యాలన్నా ఇంకొకరి ట్రక్కు అడగడం నాకూ ఇష్టం ఉండదు. సరే, కానివ్వండి అన్నాను.

ఫోర్డ్ ఎఫ్-150 అన్నది ఒక బండి పేరు కాదండీ, ఓ చీరల కొట్టు పేరు. ఎక్స్ఎల్, ఎక్స్ఎల్‌టీ, లారియట్, కింగ్ రాంచ్, ప్లాటినం... ఒక్కొక్కటీ విప్పి చూపిస్తుంటే కింది మెట్టు చీర మీద చూపు నిలవదు. మా వారి చూపు తిన్నగా ప్లాటినం మీదికే పోయింది. తోలు సీట్లు, పైన పెద్ద అద్దం కప్పు. రాత్రి భోజనాలయ్యాక లాప్‌టాప్ ముందేసుకుని రోజూ అదే పని.

నేను గరిటె పట్టుకుని వెనక నిలబడి ఒకటే అడిగాను: "ఇందులో ఎంతమంది పడతారు?"

"ఐదుగురు."

ఇంట్లో ఇప్పుడు ఆరుగురం. అత్తగారూ మామగారూ ఆరు నెలలకని వచ్చారు. హాల్లోంచి మామగారు విన్నట్టున్నారు. "మేమెన్నాళ్ళుంటాంరా, నీకు నచ్చింది తీసుకో" అన్నారు. పెద్దవాళ్ళు ఆ మాట ఎంత తేలిగ్గా అంటారో, వినేవాళ్ళకి అంత బరువుగా ఉంటుంది. వచ్చే ఏడు మా అమ్మా నాన్నా వస్తారు. అప్పుడు మా నాన్న కూడా అదే మాట అంటారు.

ఎక్స్ఎల్‌టీలో ముందు బెంచీ సీటు పెట్టించుకోవచ్చు, మధ్యలో మూడో మనిషికి చోటు. పన్నెండేళ్ళ లోపు పిల్లలు వెనకే కూర్చోవాలని ఇక్కడ గట్టిగా చెబుతారు కాబట్టి ఆ మధ్య సీటు నాదే. అంత సుఖంగా ఉండదని తెలుసు. పర్వాలేదు.

ఆ తర్వాత బేరాలు త్వరగానే తెమిలాయి. తొట్టి ఐదున్నర అడుగులది చాలన్నాను. నాలుగు తలుపుల బండి దాంతోనే పందొమ్మిది అడుగులు దాటుతుంది, ఆరున్నరది పెట్టిస్తే గరాజు తలుపు పడదు. అత్తగారి మోకాళ్ళకి పక్కన మెట్టు తప్పనిసరి. పైగా ప్రతి హంగూ బండి మోసే బరువులోంచే తగ్గుతుందట. ఎంత మోయగలదో డ్రైవరు తలుపు దగ్గర చీటీ అంటించి ఉంటుంది. అద్దం కప్పు అలా ఎగిరిపోయింది.

ఒక్క చోట మాత్రం నేనే ఖర్చు పెట్టించాను. 2021 ఫిబ్రవరి మంచుకి కరెంటు పోయి, పిల్లల్ని దుప్పట్లలో చుట్టి కూర్చున్న రాత్రులు నేను మరిచిపోలేదు. ఆ చలిలో కొందరు ఈ ట్రక్కు హైబ్రిడ్ రకంతోనే ఇంట్లో దీపాలూ హీటర్లూ నడుపుకున్నారు. తొట్టిలోనే ప్లగ్గులుంటాయి, 7.2 కిలోవాట్ల దాకా ఇచ్చేది తీసుకోవచ్చు. అదే రాయించాం. మా వారు తోలు సీట్ల గురించి మళ్ళీ ఎత్తలేదు, రెండు రోజులు కాస్త ముభావంగా ఉన్నారంతే.

రంగు దగ్గర నలుపు వద్దని అత్తగారు. ఈ ఎండలకి నాకూ వద్దు. తెలుపు రాశాం.

బండి ఎన్నాళ్ళకి వస్తుందో డీలరు కచ్చితంగా చెప్పలేదు. వీళ్ళ ప్రయాణం ఆగస్టులో. అత్తగారు మాత్రం చక్రాల కింద పెట్టడానికి నాలుగు నిమ్మకాయలు ఇప్పుడే తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టించారు.