ఐతారం

ఆదివారం పూట పటాన్‌చెరు పారిశ్రామికవాడలో లారీలు పలచబడతాయి. వైన్స్‌ల ముందు మాత్రం మధ్యాహ్నం నుంచే బైకులు బారులు తీరతాయి. ఆ బారు దాటి రెండు సందులు తిరిగి నేను వెళ్లింది ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ల మీటింగుకు. బయటివాళ్లనూ రానిచ్చే ఓపెన్ మీటింగ్ అది. అక్కడ విన్న పేర్లు బయట చెప్పకూడదు, నేనూ చెప్పను.

గంట ముందే వెళ్లాను. అప్పటికే ఒకాయన ప్లాస్టిక్ కుర్చీలు తుడిచి వేస్తున్నాడు. యాభైకి దగ్గర పడ్డ మనిషి, పాశమైలారం ఫ్యాక్టరీలో రియాక్టర్ మీద పని. టీ కాచి నాకు గ్లాసు నిండా పోసి ఇచ్చాడు. చుక్క తొణకలేదు.

"మూడేండ్ల కింద ఈ చేతులు గ్లాసు పట్టకపోతుండె సార్. పొద్దుగాల క్వార్టర్ పడితెనే వణుకు ఆగేది. ఇడిసిపెట్టిన మూడో దినం గోడమీద తేళ్లు కనవడ్డయి. మా ఆమె ఎర్రగడ్డ దవాఖానకు తీస్కపోయింది. వణుకు పది దినాలల్ల పోయింది. ఐతారం పోలె."

ఐతారం పోలేదంటే? షిఫ్టు ఉన్న రోజు గడిచిపోయేదట. సెలవు రోజు నాలుగయ్యేసరికి ఏం చెయ్యాలో తోచక కాళ్లు వాటంతటవే వైన్స్ వైపు నడిచేవి. నాజీ నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడ్డ వియన్నా వైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ దీన్ని ఆదివారపు మనోవ్యాధి అన్నాడు. వారమంతా పని హడావుడిలో మరుగునపడిన ఖాళీతనం సెలవు రోజున పైకి తేలుతుందని ఆయన పరిశీలన. ఈ వాడలో వేల మంది అద్దె గదుల్లో ఉంటారు. సాయంత్రం కూర్చోవడానికి ఒక గ్రంథాలయమో, మైదానమో ఎంతమందికి దగ్గర్లో ఉంది? వైన్స్ మాత్రం అందరికీ దగ్గరే.

ఆరింటికి పదిహేను మంది దాకా పోగయ్యారు. ఫీజు లేదు, రిజిస్టరు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటి ఉంటే చాలు. ఈ సంఘానికి బీజం పడిందీ ఆదివారం సాయంత్రమే. 1935 మే నెలలో, అమెరికాలోని ఏక్రన్ ఊళ్లో, వ్యాపారం బెడిసికొట్టి మళ్లీ తాగుతానేమోనని భయపడ్డ బిల్ విల్సన్, బాబ్ స్మిత్ అనే తాగుబోతు సర్జన్‌ను కలిశాడు. ఆయన్ని బాగుచేయడం కంటే ముందు తాను నిలబడటానికి.

గుమ్మం దగ్గర ఒక కుర్రాడు కూర్చున్నాడు. కల్లు మానేసి రెండు రోజులట. చేతులు ఆగడం లేదు. టీ ఆయన అతనికి సగం గ్లాసే పోశాడు. "నిండుగ పోస్తే ఒలుకుతది, సిగ్గయితది" అని నా చెవిలో అన్నాడు.

కల్లు అంటే ఇక్కడ చెట్టుకల్లు ఒక్కటే కాదు. చాలాచోట్ల నీళ్లలో శాక్రిన్, ఆల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపి అమ్ముతారు. ఆ మందును దొంగచాటుగా తయారుచేసే షెడ్లు ఈ జిల్లాలోనే పలుమార్లు పట్టుబడ్డాయి. దానికి అలవాటుపడ్డ ఒంటికి ఉన్నట్టుండి అందకపోతే ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లు దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఇలాంటి వాళ్లతో నిండిపోయింది. డాక్టరు చేతిలో, డోసు మెల్లగా తగ్గిస్తూ మానాల్సిన వ్యసనం ఇది.

మీటింగు అయ్యాక టీ ఆయన గ్లాసులు కడగలేదు. "ఒక్కనివే మానొద్దు తమ్మీ, దవాఖానకు పోదాం పా" అని కుర్రాణ్ని బైకెక్కించుకుని సంగారెడ్డి పెద్దాసుపత్రికి బయల్దేరాడు. గ్లాసులు మేం కడిగాం. ఒకప్పుడు ఆయన కాళ్లు వైన్స్ వైపు లాగిన ఆదివారం సాయంత్రం అది.

మీ ఇంట్లో, మీ పక్క గదిలో ఇలాంటి మనిషి ఉంటే తిట్టి మాన్పించకండి, గదిలో పెట్టి తాళం వేయకండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు.