మూట కట్టడం తెలిసినవాళ్లు

సూరత్ నుంచి వరంగల్‌కు బైక్ మీద వెళ్లేందుకు వెనక రెండు వైపులా గట్టి పెట్టెలు బిగించుకున్నాను. అసలు పాఠం చెప్పింది మాత్రం లింబాయత్‌లో మరమగ్గం నడిపే తెలంగాణ పద్మశాలి పెద్దాయన. చీరల మూటలు మోపెడ్ మీద మోసిన అనుభవం ఆయనది. "రెండు దిక్కుల బరువు సమానముండాలె బిడ్డా, బరువైనవి అడుగున పెట్టు" అన్నాడు. బరువు వెనక్కి, పైకి జరిగేకొద్దీ హ్యాండిల్ తేలిపోతుంది మరి. పెట్టె సైలెన్సర్‌కు తగలకూడదు. కొత్తగా బిగించిన బోల్టులు కుదుపులకు వదులవుతాయి. వంద కిలోమీటర్లు వెళ్లాక మళ్లీ బిగించాలి. సూరత్-ధూలే మధ్య 53వ నంబరు జాతీయ రహదారి నిండా లారీలే. అక్కడ ఊడిపడిన పెట్టె వెనకొచ్చేవారికి ప్రాణగండం. అందుకే తాళాలున్నా ఒక్కో పెట్టె చుట్టూ బెల్టు కూడా వేశాను.